బిగించిన ఇంజను మళ్లీ దింపిన వారం

అమలాపురంలో ఒక కార్ల వర్క్‌షాపులో ముప్పై ఆరేళ్లు పనిచేసి రెండేళ్ల కిందట మానేశాను. చేరినప్పుడు హెల్పర్ని, మానేసే నాటికి హెడ్ మెకానిక్‌ని. ఇప్పుడు ఈ పనిలోకి వస్తున్నవాళ్లు అప్పుడప్పుడు మా ఇంటికొచ్చి, సర్వీసులో చేసిన గొప్ప పని ఏదైనా చెప్పమంటారు. గొప్పవి చెప్పుకోవడం నాకూ సరదాయే. కానీ వాటిల్లో మీకు పనికొచ్చేది తక్కువ. బండి ఆగిపోయి వచ్చింది, బాగుచేశాను, వెళ్లిపోయింది. వినడానికి బాగుంటుంది, అంతే. అందుకని ఒక ఇంజను ముచ్చటపడి బిగించి, ఒక్క పూట నడిపి, వారం తిరక్కుండా నా చేతులతోనే దింపేసిన సంగతి చెబుతాను. ఇది నా రిటైర్మెంటుకి ఏడాది ముందు జరిగింది.

సముద్రం ఒడ్డునున్న ఓడలరేవు నుంచి మా వర్క్‌షాపుకి ఒకావిడ వస్తుండేది. నలభై దాటిన మనిషి. భర్త మస్కట్‌లో డ్రైవరు. ఆయన ఒకసారి సెలవుకొచ్చి సెకండ్ హ్యాండులో ఒక డీజిల్ కారు కొన్నాడు. ఆ సెలవులోనే ఆవిడకి నడపడం నేర్పి, లైసెన్సు తీయించి, మళ్లీ విమానం ఎక్కేశాడు. కారు ఇంటి ముందు ఊరికే ఉంది. అప్పుడే వాళ్ల వీధిలో ఒక పెద్దాయనకి కిడ్నీలు దెబ్బతిని, వారానికి మూడుసార్లు అమలాపురం వచ్చి డయాలసిస్ చేయించుకోవలసి వచ్చింది. వెళ్లేటప్పుడు బస్సులో ఎలాగో వెళ్లేవాడు. నాలుగు గంటలు మెషీను మీద ఉన్నాక తిరిగి బస్సెక్కే ఓపిక ఉండేది కాదు. ఈవిడ ఆయన్ని తన కార్లో తీసుకెళ్లి తీసుకురావడం మొదలుపెట్టింది. తర్వాత అల్లవరం వైపు నుంచి ఇంకో ఇద్దరు కలిశారు. బండిని టాక్సీ కింద పసుపు నంబరు ప్లేటుకి మార్పించుకుంది. సోమ, బుధ, శుక్రవారాలు అదే ఆవిడ పని. ముగ్గురు పేషెంట్లు, పెద్దాయనకి తోడుగా ఆయన భార్య, డ్రైవింగు సీట్లో ఈవిడ.

వాళ్లని ఆసుపత్రిలో దింపాక నాలుగు గంటలు ఖాళీ కదా, ఆయిలు చూపించుకోవడానికో, గాలి కొట్టించుకోవడానికో మా దగ్గరికి వచ్చేది. బండి ఆరోగ్యం నాకు అలా తెలుసు. అంత బాగా ఏమీ లేదు. ఆయిలు తాగేస్తోంది. వెనక నీలం పొగ. ఏసీ వేసి అయిదుగురు కూర్చుంటే చిన్న వంతెన ఎక్కడానికి కూడా రెండో గేరు వేయాల్సి వచ్చేది. ఒక బుధవారం ఉదయం అల్లవరం దాటగానే ఆగిపోయింది. ఆటో దొరికేసరికి ఆలస్యమైంది. ఆసుపత్రికి వెళ్లేసరికి పెద్దాయన మెషీను ఇంకొకరికి ఇచ్చేశారు. సాయంత్రం దాకా బెంచీ మీద కూర్చోబెట్టారట. ఆ సాయంత్రమే బండిని తాడు కట్టించి మా దగ్గరికి తెచ్చింది.

"ఇంక తేల్చేసుకోవాలండి అన్నయ్యగారూ," అంది. "మస్కట్ నుంచి ఈయనేమో ఎక్స్ఛేంజికి ఇచ్చేసి వేరే బండి తీసుకోమంటున్నారు. ఇంజను మారిస్తే సరిపోద్దని ఊళ్లో కొందరంటున్నారు. మీరేం చెప్తే అది చేస్తానండి."

"నీకేం చెయ్యాలనుందమ్మా?"

ఆవిడ బండి వైపు చూసింది. "నాకు ఈ బండి తప్ప ఇంకోటి తెలీదండి. మా తమ్ముడి బండి ఓసారి నడపబోతే గేటు కూడా దాటలేదండి. క్లచ్ ఎక్కడ దొరుకుద్దో తెలీదు. బండిలో ముగ్గురు పేషెంట్లని పెట్టుకుని కొత్తబండితో ఏం వేషాలు వెయ్యనండీ?"

ఇక్కడ నా సంగతి కొంచెం చెప్పాలి. ఆవిడ బండిలో ఉన్నది టర్బో లేని పాత ఇంజను. అదే కంపెనీ తర్వాతి రోజుల్లో ఇంకో మోడల్లో టర్బో ఇంజను పెట్టింది. కాస్త పనితనం ఉంటే ఆ ఇంజను ఈ బండిలో కూర్చుంటుంది. నా సర్వీసులో అలా రెండుసార్లు చేశాను. చేసిన రెండుసార్లూ, మిగతా వర్క్‌షాపుల మెకానిక్కులు వచ్చి బానెట్ ఎత్తి చూసి వెళ్లారు. రిటైరయ్యేలోగా ఇంకొక్కటి చేయాలని నాలో ఒక కోరిక ఉండేది. ఆవిడ అడిగింది తన బండి గురించి. నేను జవాబిచ్చింది నా కోరికకి. ఆ తేడా అప్పుడు నాకు తెలియలేదు.

"బండి ఇచ్చెయ్యక్కర్లేదమ్మా," అన్నాను. "టర్బో ఇంజను పెట్టేస్తాను. ఏసీ వేసి అయిదుగురు కూర్చున్నా పరిగెడుతుంది. వారం రోజులు ఓపిక పట్టు."

ఆవిడ ముఖం వెలిగిపోయింది. అక్కడే ఉన్న మా టింకరింగ్ మేస్త్రి మాత్రం బండి చుట్టూ ఒకసారి తిరిగి వచ్చాడు. ఈయన గురించి చెప్పాలి. పలివెల నుంచి రోజూ మోపెడ్ మీద వచ్చేవాడు. నాకంటే రెండేళ్లు పెద్ద, నాకంటే ముందే ఆ వర్క్‌షాపులో చేరినవాడు. సొట్టలు తీయడం, రేకు అతకడం, వెల్డింగు ఆయన పని. అయినా నన్ను "గురువుగారూ" అనేవాడు. వర్క్‌షాపుల్లో ఒక పద్ధతి ఉంది, మీరూ చూసే ఉంటారు. ఇంజను పనివాడు పైన, రేకుల పనివాడు కింద. టీ వచ్చినా ముందు మాకు, తర్వాత వాళ్లకి. ఎవరూ రాసిపెట్టలేదు గానీ అలా నడిచిపోయేది. అలా నడవడం నాకు బాగానే ఉండేది.

ఆయన తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ, "గురువుగారూ, కింద ఓసారి చూద్దామాండి? ఓడలరేవు బండి కదండీ," అన్నాడు.

"ఇంజను సంగతి మాట్లాడుతుంటే మధ్యలో రేకుల సంగతెందుకండీ మేస్త్రిగారూ," అన్నాను.

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. ఆయన కూడా కాస్త నవ్వి, "ఆయ్," అని తన పనిలోకి వెళ్లిపోయాడు.

విజయవాడలో పాత బండ్లు విప్పి అమ్మేవాళ్ల దగ్గర మంచి ఇంజను దొరికింది. దాని కాగితాలు సరిగ్గా ఉన్నాయో లేదో చూసుకుని తెప్పించాను. ఇంజను నంబరు మారితే సి-బుక్కులో ఎక్కించాలి కాబట్టి ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో ఆవిడ చేత ముందుగానే అర్జీ పెట్టించాను. అంతా పద్ధతిగానే చేశాను. మంగళవారం మొదలుపెట్టి శుక్రవారం మధ్యాహ్నానికి ఇంజను కూర్చోబెట్టాను. ఎన్నో ఏళ్ల తర్వాత ఆ నాలుగు రోజులు ఉదయాన్నే వర్క్‌షాపు తలుపులు తీయకముందే వెళ్లి నిలబడ్డాను. ఇంజను బిగించే చోటు చుట్టూ నల్లటి రంగు దట్టంగా, నున్నగా ఉంది. ఎవరో పాత యజమాని బాగా చూసుకున్నాడనుకున్నాను.

సాయంత్రం నేనొక్కడినే ట్రయలుకి తీశాను. అల్లవరం రోడ్డెక్కి మూడో గేరులో తొక్కితే బండి ఎగిరినట్టు వెళ్లింది. సీటు నా వీపుని తోసింది. అరవైకి దగ్గరపడ్డ మనిషిని, స్టీరింగు మీద అరచేత్తో తాళం వేశాను. ఎవరూ చూడలేదు కాబట్టి చెబుతున్నాను.

ఒక స్పీడ్ బ్రేకరు దాటి మళ్లీ తొక్కగానే కింద "టక్" మంది. ఏదో బోల్టు బిగించడం మరిచిపోయాననుకున్నాను. కొంచెం దూరం పోయాక మళ్లీ "టక్". ఈసారి గేరు రాడ్డు నా చేతిలో ఒక్కసారి పక్కకి జరిగి మళ్లీ వచ్చింది. బోల్టు వదులైతే అలా జరగదు. బండి తిప్పి, సైకిలు వేగంతో వెనక్కి తెచ్చాను.

బండి అడుగు చూడటానికి తవ్విన గుంట మీద పెట్టి కిందికి దిగాను. బోల్టులన్నీ బిగుతుగానే ఉన్నాయి. ఒక్కొక్కటే రెండుసార్లు చూశాను. అరగంట అయ్యాక చేసేది లేక టింకరింగ్ మేస్త్రిని పిలిచాను. ఆయన టార్చిలైటు, పొడుగాటి స్క్రూడ్రైవరు పట్టుకుని దిగాడు. స్క్రూడ్రైవరు పిడితో అక్కడా ఇక్కడా తట్టి విన్నాడు. ఎడమవైపు ఇంజను బరువంతా ఆనుకునే చోట ఆగాడు. స్క్రూడ్రైవరు తిప్పి, ఆ నున్నటి నల్లరంగు మీద పెట్టి నొక్కాడు. పిడి దాకా లోపలికి వెళ్లిపోయింది.

"రంగు ఒక్కటే ఉందండి," అన్నాడు. "లోపల రేకు లేదు."

గీకి చూస్తే తుప్పు పొడి రాలింది. పాత ఇంజను బలం లేనిది కాబట్టి ఆ చివికిన రేకు ఇన్నాళ్లూ దాన్ని మోసింది. నా టర్బో ఇంజను ఒక్క గుంజు గుంజగానే చెయ్యంత పొడుగున పగిలింది.

నేను గుంటలోనే కూర్చుండిపోయాను. నా తప్పుని కొంచెం ఎవరితోనైనా పంచుకోవాలనిపించి కాబోలు, "ఆవేళ మీరు గట్టిగా చెప్పాల్సిందండీ మేస్త్రిగారూ," అన్నాను.

"చెప్పేనండి," అన్నాడాయన.

స్క్రూడ్రైవరుకి అంటిన తుప్పు తుడిచాడు. ఇంకో మాట అని ఉంటే నేనూ ఏదో ఒకటి అనేవాణ్ణి.

మా వర్క్‌షాపు యజమాని వచ్చి పైనుంచి వంగి చూశాడు. చెడ్డమనిషి కాదు, వ్యాపారం చేసుకునేవాడు. "ప్లేటు వేసి వెల్డింగ్ చేసెయ్యండి, మీద నల్లరంగు కొట్టెయ్యండి. ఊళ్లో అందరూ చేసేదే కదండీ. ఆవిడ వారానికి మూడు రోజులు తిరిగే పనికి అది చాలు," అన్నాడు.

నేను ఒప్పుకునేవాడినా అని తర్వాత చాలాసార్లు ఆలోచించుకున్నాను. ఆ క్షణంలో నాకంటే ముందు టింకరింగ్ మేస్త్రే మాట్లాడాడు.

"ప్లేటు దేనికి అతకనండీ?" అన్నాడు. "పక్కన గట్టి రేకుంటే దానికి పట్టిస్తాం. ఇక్కడ జానెడు మేర గట్టి రేకు లేదు. అయినా వెయ్యమంటే వేస్తానండి. వేసేక ఆ బండిలో మా ఆవిణ్ణి ఎక్కిస్తానా అని మాత్రం అడక్కండి. ఎక్కించను."

యజమాని నా వైపు చూశాడు. "హెడ్ మీరు కదండీ, మీరు చెప్పండి," అన్నాడు.

"ఇంజను దింపేస్తానండి," అన్నాను. "ఆవిడకి నేనే చెబుతాను."

ఫోనులో చెప్పేయవచ్చు. రెండుసార్లు నంబరు నొక్కి ఆపేశాను. సోమవారం ఎలాగూ పేషెంట్లతో వస్తుంది, బండి చూపించే చెప్పాలనుకున్నాను. శని, ఆదివారాలు ఇంట్లో అన్నం సయించలేదు. మా ఆవిడ ఏమైందని అడిగితే గ్యాసు అన్నాను.

సోమవారం పేషెంట్లని ఆటోలో ఆసుపత్రికి చేర్చి, ఆవిడ నడుచుకుంటూ వచ్చింది. చేతిలో ఒక సంచీ. అందులో కొబ్బరికాయ, బంతిపూల దండ, నాలుగు నిమ్మకాయలు. కొత్త ఇంజనుకి పూజ చేసుకుని తీసుకెళ్దామని. ఆ సంచీ చూశాక నేను ఆదివారమంతా కూడబెట్టుకున్న మాటలు ఒక్కటీ గుర్తు రాలేదు.

"అమ్మా, ఒక్కసారి గుంటలోకి దిగుతావా," అన్నాను.

ఆవిడ సంచీ బల్ల మీద పెట్టి, చీర కుచ్చెళ్లు ఎత్తి పట్టుకుని మెట్లు దిగింది. టింకరింగ్ మేస్త్రి స్క్రూడ్రైవరు ఆవిడ చేతికిచ్చాడు. "ఇక్కడ నొక్కి చూడండమ్మా," అన్నాడు. ఆవిడ భయపడుతూ నొక్కింది. పెద్ద బలం అక్కర్లేకపోయింది. ఎర్రటి పొడి ఆవిడ మోచేతి మీదుగా రాలింది.

"ఇదేంటండి బాబయ్యగారూ?" అని మేస్త్రిని అడిగింది.

"ఉప్పండి. సముద్రపు గాలికి కొంత, ఉప్పునీటికి కొంత. ఏళ్ల తరబడి తినేసింది. పైన రంగేసేసరికి కనపళ్లేదు."

ఆవిడ చేతి మీది తుప్పు దులుపుకోకుండా అలాగే చూస్తూ ఉండిపోయింది. తర్వాత మెల్లగా, "ఈయన నాకు బండి నేర్పింది సముద్రం ఒడ్డునేనండి," అంది. "నీళ్లు వెనక్కి తీసినప్పుడు ఇసక గట్టిగా ఉంటాది కదండీ. అక్కడైతే ఎవరికీ తగలదని. నెల్లాళ్లు రోజూ అక్కడే తిప్పించేరు. అలలు చక్రాల దాకా వచ్చేవి. బాగుండేదండి."

పైకి వచ్చాక భర్తకి వీడియో కాల్ చేసింది. ఆయన ఎక్కడో పార్కింగులో నిలబడి ఉన్నాడు. ఈవిడ చెప్పిందంతా విన్నాడు. "కింద మంచినీళ్లతో కడగాలని నాకు తట్టలేదు. నేర్చుకుంటున్నావన్న సంబరంలో ఉన్నాను," అన్నాడు. తర్వాత ఫోను నాకిమ్మన్నాడు.

"గురువుగారూ, మీరు ముందు మా ఆవిడకి చెప్పింది ఇది కాదు కదండీ."

మర్యాదగానే అడిగాడు. మా వాళ్లంతా చేతుల్లో పనులు ఆపి వింటున్నారు.

"కాదండి," అన్నాను. "ఇంజను చూసి చెప్పాను. కింద చూడకుండా చెప్పాను. మా మేస్త్రిగారు చూడమన్నారు, నేనే వినలేదు. తప్పు నాదండి."

ముప్పై అయిదేళ్లలో కస్టమరుకి ఆ మాట చెప్పడం అదే మొదటిసారి. చెప్పేశాక శనివారం నుంచి పట్టుకున్న గ్యాసు పోయింది.

ఫోను నా చేతిలోంచి తీసుకుని ఆవిడ అంది. "మీరు మాటిచ్చేరని వారం రోజులు వాళ్లని ఆటోలో తిప్పేనండి. మొన్న శుక్రవారం పెద్దాయన కుదుపులకి దారిలోనే వాంతి చేసుకున్నారు. ఆటో ఆపి నోరు కడిగేను. 'ఇంకెన్నాళ్లమ్మా' అన్నారు. సోమవారానికి బండి వచ్చేస్తాదని చెప్పేను." గొంతు పెంచలేదు. పెంచితే బాగుండునని నాకనిపించింది.

ఆ మధ్యాహ్నమే ఇంజను దింపాను. విజయవాడవాళ్లు వెనక్కి తీసుకున్నారు. నా పనికి ఆవిడ దగ్గర ఏమీ తీసుకోకుండా, ఆ వారం ఆటోల ఖర్చు ఆవిడకి ఇచ్చి, నేనూ యజమానీ సర్దుకున్నాం. ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో అర్జీ వెనక్కి తీసుకోవడానికి పోతే గుమస్తా నన్ను ఎగాదిగా చూసి, "పెట్టిన అర్జీ వెనక్కి తీసుకునేవాళ్లలో మీరు కూడానా," అన్నాడు. ఆయ్ అన్నాను.

పాత ఇంజను తిరిగి పెట్టి, ఆ ఆదివారం బండిని తాడు కట్టుకుని మండపేట తీసుకెళ్లాం. అక్కడ పాత కార్లు ఎక్స్ఛేంజి చేసే వ్యాపారి ఒకాయన నాకు తెలుసు. ఆవిడ, నేను, టింకరింగ్ మేస్త్రి. ఆయన్ని రమ్మని నేనే అడిగాను. ఆదివారం కదా, ఏమంటాడో అనుకున్నాను. పలివెల నుంచి మాకంటే ముందే మండపేట చేరి రోడ్డు మీద నిలబడి ఉన్నాడు.

వ్యాపారి పాత బండి చుట్టూ తిరుగుతుంటే మేస్త్రి ముందే చెప్పేశాడు. "కింద పోయిందండి. రోడ్డు మీద తిప్పడానికి అమ్మకండి, విప్పి సామాను అమ్ముకోండి." వ్యాపారి ఆశ్చర్యపోయాడు. అమ్మకానికి వచ్చినవాళ్లు అలా చెప్పడం ఆయనెప్పుడూ విని ఉండడు. ఆ తర్వాత మాకు బండ్లు చూపించేటప్పుడు ఆయన కూడా అబద్ధాలు కాస్త తగ్గించాడు.

మూడు బండ్లు చూశాం. మొదటిది నాకు నచ్చింది, మంచి ఇంజను. మేస్త్రి కింద పడుకుని చూసి లేచి, తల అడ్డంగా ఊపాడు. రెండోది వరదలో మునిగి తేలిన బండి అన్నాడు. సీటు బెల్టు చివరిదాకా లాగి ఒండ్రు మరక చూపించాడు. మూడోది కొత్తపేటలో ఒక టీచరమ్మ వాడినది. ఇంజను మామూలు. స్టార్ట్ చేసి విన్నాను, చెప్పుకోవడానికి ఏమీ లేదు. మేస్త్రి మాత్రం దాని కిందికి దూరి పది నిమిషాలు బయటికి రాలేదు. వచ్చాక బట్టలు దులుపుకుని, "దీంట్లో మా ఆవిణ్ణి ఎక్కిస్తానండి," అన్నాడు.

మిగిలిన కష్టం ఆవిడది. కొత్త క్లచ్ మీద కాలు పెట్టడానికే భయపడింది. వ్యాపారి ఆవరణలో నాలుగుసార్లు బండి ఆగిపోయింది. నేను ఏవేవో చెప్పబోతే మేస్త్రి నన్ను వెనక సీట్లో కూర్చోమని, తను ఆవిడ పక్కన కూర్చున్నాడు. "మీకు డ్రైవింగు వచ్చమ్మా. ఇది ఇంకో చెప్పుల జత, అంతే. కరుస్తాయి, రెండ్రోజులకి అలవాటవుతాయి," అన్నాడు. ఆయనకి స్వయంగా కారు నడపడం రాదు. ఆ సంగతి ఆవిడకి తెలియదు. మండపేట నుంచి అమలాపురం దాకా ఆవిడే నడుపుకుంటూ వచ్చింది. రావులపాలెం దాటాక ఏసీ కూడా వేసింది.

ఆ తర్వాత మా వర్క్‌షాపులో ఏ ఇంజను మార్చే పని వచ్చినా ముందు టింకరింగ్ మేస్త్రి గుంటలోకి దిగి చూడాల్సిందే. ఆయన సరేనన్నాకే నేను స్పానరు పట్టేవాణ్ణి. ఇప్పుడు మీ చేతుల్లో స్కానర్లున్నాయి. కంప్యూటరు తగిలిస్తే ఇంజను తన జబ్బులన్నీ తనే చెబుతుంది. కింద రేకు ఏమీ చెప్పదు. మీ పక్కన చెప్పే మనిషి ఎవరైనా ఉంటే, ఆయన చెప్పినప్పుడు నవ్వకండి. నేను మీకు ఇవ్వగలిగిన సలహా ఇంతే. ఇంజను మార్చాలా, బండి మార్చాలా అని అడిగితే ఇప్పటికీ నా దగ్గర తయారుగా జవాబు లేదు. కొన్ని బండ్లకి అదీ సరే, కొన్నిటికి ఇదీ సరే. కింద చూశాకే చెబుతాను.

ఆ కొత్త బండి మొదటి సోమవారం గురించి చెప్పి ముగిస్తాను. మధ్యాహ్నం డయాలసిస్ అయ్యాక, ఇంటికి వెళ్తూ ఆవిడ దారిలో మా గేటు లోపలికి వచ్చి ఆపింది. నేను అలవాటు కొద్దీ చెయ్యి తుడుచుకుని, బానెట్ మీద చెయ్యి వేసి, "ఎలా లాగుతోందమ్మా?" అని అడిగాను.

ఆవిడ అద్దం కొంచెం దించి, పెదాల మీద వేలు పెట్టింది. లోపలికి చూశాను. పెద్దాయన తల వెనక్కి వాల్చి నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు. ఆయన భార్య ఆయన భుజం మీద ఒరిగిపోయింది. మిగతా ఇద్దరూ కూడా నిద్రలోనే ఉన్నారు.

"పాత బండిలో ఒక్కనాడూ పడుకోలేదండి వీళ్లు," అంది ఆవిడ, వినీ వినపడకుండా.

నేను బానెట్ మీది చెయ్యి తీసేశాను. షెడ్డులో ఒక కారు డోరుకి సొట్ట తీస్తున్న మేస్త్రి ఇటు చూశాడు. ఏమనుకున్నాడో గానీ, ఎత్తిన సుత్తిని మెల్లగా కింద పెట్టేసి, ఆ బండి గేటు దాటి రోడ్డెక్కేదాకా అలాగే నిలబడ్డాడు.